సర్పవరం, రమణయ్యపేట, వలసపాకల వైపు స్థలమా, ఫ్లాటా? కొనేముందు ఏమేం చూసుకోవాలి?

రెండోపంట
కాకినాడ రూరల్లో 200 గజాల స్థలం గానీ మూడు పడకగదుల ఫ్లాటు గానీ చూస్తున్నామండి. ఇంట్లో పెద్దవాళ్లిద్దరు, బడికెళ్లే పిల్లలిద్దరు ఉంటారు. ఏ మధ్యవర్తిని కదిపినా ఒకటే పాట: "మెరక చేసేశాం, ఎల్పీ నంబరుంది, బోరేస్తే మంచినీళ్లు." ఈ మూడిట్లో ఏది నిజమో సొంతంగా తేల్చుకోవడం ఎలా? ఊరి దక్షిణాన తూరంగి, ఇంద్రపాలెం వైపు ఇంతకన్నా తక్కువకి వస్తున్నాయి. అటు వెళ్లొచ్చా?

అచ్చంపేట_జంక్షన్
ముందు దిక్కులు సర్దుకుందాం. మీరు రాసిన మూడూ ఊరికి ఉత్తరాన ఉన్నాయి గానీ మూడూ ఒకలాంటివి కావు. సర్పవరం భావనారాయణస్వామి గుడి చుట్టూ ఉన్నది పాత ఊరు. ఇళ్లు దగ్గర దగ్గరగా, సందులు ఇరుగ్గా ఉంటాయి. జంక్షన్ దాటి పిఠాపురం రోడ్డు వెంట వెళ్తే కొత్త లేఅవుట్లు. రమణయ్యపేటలో బళ్లు, ఆసుపత్రులు, కిరాణా అన్నీ నడక దూరంలోనే దొరుకుతాయి కాబట్టి పిల్లలున్నవాళ్లు ముందు అక్కడే అడుగుతారు, ధరా అందుకే ఎక్కువ. వలసపాకల సముద్రానికి దగ్గర. గాలి బాగుంటుంది, ఆ గాలితోనే ఉప్పు కూడా వస్తుంది. వాకలపూడి పారిశ్రామిక వాడ పక్కనే. ఎరువులు, వంటనూనెల ఫ్యాక్టరీల వాసన గాలి మళ్లినప్పుడల్లా తగులుతుంది. పగలు ఒకసారి చూసి రావడం చాలదు. రాత్రి తొమ్మిది దాటాక ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి వెళ్లి నిలబడండి. పోర్టు లారీలు ఏ రోడ్డున తిరుగుతున్నాయో కూడా అప్పుడే తెలుస్తుంది.

తూరంగి, ఇంద్రపాలెం చెడ్డవని అనను. కాకపోతే అటు పల్లం ఎక్కువ, ఉప్పుటేరు ప్రభావమూ ఎక్కువ. తక్కువకి వచ్చిందని కొన్నాక ఆ మిగులు మెరకకీ పునాదికీ పోతుంది. లెక్క వేసుకునే వెళ్లండి.

మెరకపల్లం
మెరక సంగతి వివరంగా రాస్తాను. ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.

"మెరక చేసేశాం" అంటే అడగాల్సినవి మూడు. దేంతో చేశారు, ఎంత మందాన పోశారు, పోసి ఎన్ని వానాకాలాలు దాటింది. దేంతో అంటే, మన వైపు రెండు రకాలు వాడతారు. ఒకటి పెద్దాపురం మెట్ట నుంచి వచ్చే ఎర్ర గ్రావెల్. ఇది నీళ్లు పోసి రోలర్ తొక్కితే గట్టిపడుతుంది. రెండోది బుసక, అంటే సన్నటి ఇసుక. నీరు తొందరగా ఇంకుతుంది గానీ పక్క ప్లాటు ఖాళీగా ఉంటే అంచుల నుంచి వానకి కొట్టుకుపోతుంది. కాబట్టి బుసక పోసే ముందే చుట్టూ అడ్డుగోడ ఉండాలి. ఇవి రెండూ కాకుండా పాత ఇళ్లు కూల్చిన రాళ్లూ రప్పలూ, చెరువు మట్టీ కలిపి పోసి పైన ఆరంగుళాలు గ్రావెల్ పరిచి చూపించేవాళ్లున్నారు. పార తెప్పించి మూడు చోట్ల మూడడుగుల గొయ్యి తీయించండి. అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే అక్కడితో ఆపేయొచ్చు.

కొలత: 200 గజాలంటే 1800 చదరపు అడుగులు. మూడడుగులు మెరక చేయాలంటే తొక్కాక నిలవాల్సింది 5400 ఘనపుటడుగులు. వదులుగా వచ్చే మట్టి తొక్కితే 20–25 శాతం దిగుతుంది, కాబట్టి 68–72 యూనిట్లు తోలాలి (యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు). లారీవాళ్లు చెప్పే యూనిట్లు నమ్మకుండా తొట్టె లోపలి పొడవు, వెడల్పు, మట్టి ఎత్తు టేపుతో కొలవండి. ఒకేసారి మూడడుగులు పోసి పైన రోలర్ తిప్పితే పై అడుగే గట్టిపడుతుంది, కింద వదులే. తొమ్మిదంగుళాల పొర, నీళ్లు, రోలర్, మళ్లీ పొర. అలా తొక్కితేనే లాభం.

ఇంకోటి, దీన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు. మూడడుగుల గ్రావెల్ బరువు చదరపు మీటరుకి సుమారు టన్నున్నర. మామూలు ఇంట్లో ఒక అంతస్తు బరువు కన్నా అదే ఎక్కువ. కింద ఉన్నది మెత్తటి బంకమన్ను. ఆ బరువుకి అందులోని నీరు మెల్లగా బయటికి పోతూ ఏళ్ల తరబడి నేల దిగుతుంది. నిరుడు మెరక చేసిన చోట ఈ ఏడు ఇల్లు కడితే మొదట ప్రహరీ పగులుతుంది, తర్వాత మెట్లు ఇంటి నుంచి విడిపోతాయి, ఆ తర్వాత గదుల్లో నేల కుంగుతుంది. కనీసం రెండు వానాకాలాలు వదిలేయండి.

పునాది ఎత్తుకి కొలబద్ద రోడ్డే. అదీ ఈనాటి రోడ్డు కాదు. ఇప్పుడు గ్రావెల్ రోడ్డు ఉంటే రేపు సిమెంటు రోడ్డు వేస్తారు, అది అడుగు పైకి లేస్తుంది. పూర్తయ్యే రోడ్డు మట్టం అంచనా వేసి దానికి మూడడుగులు పైన ప్లింత్ (ఇంటి నేల మట్టం) పెట్టుకోండి.

దస్తావేజు
కాగితాలు. "ఎల్పీ నంబరుంది" అన్నప్పుడు ఏ ఎల్పీ అని అడగండి. లేఅవుట్ ఆమోదానికి ఇచ్చే ఎల్పీ నంబరు వేరు, రీసర్వే జరిగిన గ్రామాల్లో భూమి ముక్కకి ఇచ్చే ల్యాండ్ పార్సెల్ నంబరు వేరు. రెండోది చూపించి మొదటిది ఉన్నట్టు అమ్మేస్తున్నారు. ఆమోదం పాతదైతే డీటీసీపీ (రాష్ట్ర పట్టణ ప్రణాళికా శాఖ) పేరుతో, 2017 తర్వాతిదైతే గుడా (గోదావరి పట్టణాభివృద్ధి సంస్థ) పేరుతో, ఇటీవలిదైతే కౌడా (కాకినాడ పట్టణాభివృద్ధి సంస్థ) పేరుతో ఉంటుంది. ఊరు పంచాయతీయే అయినా లేఅవుట్ పటం మీద పట్టణాభివృద్ధి సంస్థ ముద్ర ఉండాలి. పంచాయతీ తీర్మానం, సర్పంచి సంతకం ఆమోదం కిందికి రావు.

పటం చేతికొచ్చాక చూడాల్సింది: మీ ప్లాటు తనఖా ప్లాట్లలో ఉందా? రోడ్లు, కాలువలు పూర్తి చేస్తానన్న హామీగా లేఅవుట్ వేసినాయన కొన్ని ప్లాట్లు సంస్థకి తనఖా పెడతాడు. విడుదల పత్రం రాకుండా వాటిని అమ్మకూడదు. రెండోది, అందరికోసం వదలాల్సిన 10 శాతం ఖాళీ స్థలం పటంలో ఎక్కడుందో ఆ చోటికి నడిచి వెళ్లి చూడండి. పటంలో పార్కు, నేల మీద షెడ్డు ఉన్న లేఅవుట్లు ఉన్నాయి. అనుమతి లేని లేఅవుట్లో ప్లాటు అయితే ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద క్రమబద్ధం చేసుకున్నారా లేదా చూడండి. ఫీజు కాక, ఖాళీ స్థలం వదలని లేఅవుట్లకి ప్లాటు విలువలో కొంత శాతం అదనంగా కట్టాలి. అది ఎవరు కడతారో అగ్రిమెంటులోనే రాయించాలి.

ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తనఖాల జాబితా) కనీసం 30 ఏళ్లది తీయండి. 1983 నుంచి కంప్యూటర్లో దొరుకుతుంది, అంతకు ముందుది కావాలంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పుస్తకాలు వెతికించాలి. సర్వే నంబరు 22-ఏ కింద రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో ఉందేమో విడిగా చూడండి. డీ పట్టా (ప్రభుత్వం పేదలకిచ్చిన) భూములు, దేవాదాయం, వక్ఫ్, సత్రాల, ధర్మసంస్థల భూములు కాకినాడ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. ఈసీ శుభ్రంగా కనిపించినంత మాత్రాన ఇవి కావని కాదు. రెవెన్యూ శాఖ మీభూమి సైటులో 1-బి (ఎవరి పేరున ఎంత భూమి), అడంగల్ (సాగు వివరాలు), ఎఫ్ఎంబీ (సర్వే కొలతల పటం) మూడూ తీసి పక్కపక్కన పెట్టుకోండి. లేఅవుట్ కాక ముందు అది పొలం కదా, నాలా చట్టం 2025లో రద్దయ్యే ముందు వేసిన లేఅవుట్ అయితే వ్యవసాయేతరానికి మార్చిన నాలా ఉత్తర్వు కూడా అడగండి.

వారసుల ఆస్తి అయితే ఆడపిల్లల సంతకాలు తప్పనిసరి. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకి మన రాష్ట్ర సవరణే హక్కు ఇచ్చింది. 2005 సెప్టెంబరు 9 కేంద్ర సవరణతో పెళ్లయినవాళ్లకీ వచ్చింది. "కట్నం ఇచ్చేశాం, వాళ్లకేం లేదు" అన్న మాట కోర్టులో నిలవదు. జీపీఏ (ఇంకొకరికి రాసిచ్చిన అధికార పత్రం) మీద అమ్మకం అంటే దూరంగా ఉండండి. 2011లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, జీపీఏతో హక్కు బదిలీ కాదు.

రెండోపంట
దస్తావేజు గారూ, ఎఫ్ఎంబీ చూస్తే మేం చూసిన ప్లాటు పక్కన సన్నటి గీతలు రెండు ఉన్నాయి. అక్కడ నేల మీద మాత్రం రోడ్డే ఉంది. ఏమై ఉంటుంది?

దస్తావేజు
పంట బోదె అయ్యుంటుంది. డెల్టా పొలాల మధ్య లేఅవుట్ వేస్తే ఇదే మొదటి తకరారు. కాలువ నుంచి పొలానికి నీళ్లు తెచ్చే బోదె, పొలం నుంచి మురుగు తీసుకెళ్లే కాలువ, రెండూ పోరంబోకు. వాటి మీద ప్లాటు గీసి అమ్మినా ఆ మేరకి హక్కు రాదు. గ్రామ పటం మీద ఆ గీత ఎక్కణ్ణుంచి బయల్దేరి ఎక్కడ కలుస్తుందో చూసి, సర్వేయరుతో కొలిపించండి.

మెరకపల్లం
హక్కు సంగతి అటుంచి నీళ్ల సంగతి కూడా చూడాలండి. బోదె పూడ్చి అడుగు వ్యాసం హ్యూమ్ పైపు వేసేస్తారు. పది ఎకరాల వాననీరు దాంట్లోంచి పోదు. పైన ఉన్న పొలంలో ఇంకా వరి వేస్తుంటే, రైతు మురుగు వదిలినప్పుడు ఆ నీరంతా మీ వీధిలోకొస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం పట్టిన మర్నాడు వెళ్లి చూడండి. ఆ సమయం దాటిపోతే చుట్టుపక్కల ప్రహరీల మీద నీటి చార ఎంత ఎత్తున ఉందో, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె ఎంత ఎత్తున కట్టారో చూడండి. కరెంటువాళ్లు ఆ దిమ్మె పల్లం చూసుకునే కడతారు.

పునాది
మట్టి పరీక్ష లేకుండా ఎవరి మాటా వినకండి. ఇంజినీరింగ్ కాలేజీల సివిల్ ల్యాబుల్లో చేస్తారు, విడిగా చేసే సంస్థలూ ఉన్నాయి. 200 గజాలకి రెండు బోర్లు, ఒక్కోటి కనీసం పది మీటర్ల లోతు తీయించండి. రిపోర్టులో చూడాల్సింది 'ఎన్' విలువ, అంటే ఆ లోతున నేల ఎంత గట్టిదో చెప్పే అంకె. నాలుగు కన్నా తక్కువ వచ్చిన పొర మెత్తటి మన్ను. దాని మీద విడివిడి ఫుటింగులు (ఒక్కో స్తంభానికి ఒక్కో దిమ్మె) పెడితే ఒకటి ఎక్కువ దిగి ఒకటి తక్కువ దిగి, గోడలు ఏటవాలుగా పగులుతాయి.

ఇక్కడ మేస్త్రీలు ఏ నేలకైనా "అండర్ రీమ్డ్ పైల్ వేసేద్దాం" అంటారు. అంటే నేలలోకి దించే కాంక్రీటు స్తంభానికి అడుగున గుబ్బ తీయడం. అది నల్లరేగడికి, అంటే ఎండకి నెర్రెలిచ్చి వానకి ఉబ్బే నేలకి సరైన పద్ధతి. తీరం నుంచి లోపలికి వెళ్లే కొద్దీ, సామర్లకోట దారి పొలాల్లో అలాంటి నేల తగలొచ్చు. సముద్రం వైపు ఉన్నది వేరు. నీటి మట్టానికి కింద మెత్తటి సముద్రపు బంకమన్ను. అక్కడ అడుగున గుబ్బ తొలిస్తే కాంక్రీటు పోసే లోపే అంచులు కూలి గుబ్బలో మన్ను నిండుతుంది. పైకి పైల్ వేసినట్టే ఉంటుంది, అడుగున బలం ఉండదు. ఆ నేలకి రెండంతస్తుల లోపు ఇంటికి రాఫ్ట్ (ఇల్లంతటి కిందా ఒకే స్లాబు) గానీ, గట్టి పొర దాకా దించిన మామూలు బోర్డ్ పైల్ గానీ డిజైన్ చేయించాలి. కొత్తగా మెరక చేసిన చోట పైల్ వేస్తే దిగుతున్న మన్ను పైల్‌ని కూడా కిందికి లాగుతుంది. ఆ అదనపు బరువు లెక్కలో ఉందా అని ఇంజినీరుని అడగండి.

కాంక్రీటుకి భారత ప్రమాణం ఐఎస్ 456 సముద్రతీర వాతావరణాన్ని 'తీవ్ర' తరగతిలో పెట్టింది. ఆరుబయట కాంక్రీటుకి ఎం30 గ్రేడు, నీరు-సిమెంటు నిష్పత్తి 0.45 మించకూడదు, కడ్డీ మీద 45 మిల్లీమీటర్ల కవరు. మేస్త్రీలు 20, 25 మిల్లీమీటర్ల బిళ్లలు పెట్టేసి పోస్తారు. 45 బిళ్లలు మీరే ముందు కొని సైట్లో పెట్టండి. కలిపే నీళ్లలో క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే కాంక్రీటుకీ, తడపడానికీ రెండిటికీ ట్యాంకరు తెప్పించండి. కలపడానికి మంచినీళ్లు వాడి తడపడానికి ఉప్పునీళ్లు వాడితే చేసిందంతా వృథా.

బావినీళ్లు
"బోరేస్తే మంచినీళ్లు" అన్నది ఈ తీరంలో చోటుని బట్టి మారుతుంది. ఒకప్పటి సముద్రపు ఒడ్డులు ఇసుక దిబ్బలుగా మిగిలాయి, వాటి మధ్య పల్లాల్లో బంకమన్ను, పర్ర (ఉప్పు నేల). దిబ్బ మీద వాననీరు ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతుంది. ఆ మంచినీటి మట్టం సముద్రమట్టం కన్నా అడుగు ఎత్తు ఉంటే కింద సుమారు 40 అడుగుల దాకా మంచినీరు ఉంటుంది. మట్టం అడుగు తగ్గిస్తే ఉప్పు 40 అడుగులు పైకొస్తుంది. అందుకే ఇక్కడ లోతుకి వెళ్లే కొద్దీ నీళ్లు బాగుంటాయనుకోకూడదు, తిరగబడొచ్చు కూడా. అపార్టుమెంటు పెద్ద మోటారు గంటలకొద్దీ తోడితే పక్కింటి బోరు కూడా ఉప్పెక్కుతుంది.

పరీక్ష తేలిక. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) కొలిచే మీటరు కొన్ని వందల రూపాయలు. చుట్టూ నాలుగిళ్లలో, మోటారు అరగంట తిరిగాక నీళ్లు పట్టి కొలవండి. మొదట వచ్చే నీళ్లు కొలిస్తే తక్కువ చూపిస్తుంది. తాగునీటికి లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు మంచిది, వేరే గతి లేనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటారు. మే నెలలో కొలిచిన అంకెనే నమ్మండి. వానాకాలం అంకె అందంగా ఉంటుంది. మీటరు లేకపోయినా, స్నానాల గది కుళాయి మెడ దగ్గర తెల్లగా పేరుకున్న పొర, కింది వరస గోడ మీద రంగు లేచి పొడి రాలడం చూస్తే తెలిసిపోతుంది.

ఊరికి తాగునీరు గోదావరి కాలువలదే. ఏటా వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు మంచినీటి చెరువుల్లో నిల్వ చేసిన నీళ్లతోనే గడవాలి. కాబట్టి పంచాయతీ కుళాయి ఉందా అని కాదు, మే నెలలో రోజుకి ఎంతసేపు వస్తుందని అడగాలి.

పునాది
సంపు గురించి ఒక మాట కలుపుతాను. మనిషికి రోజుకి 135 లీటర్లు, ఆరుగురికి 810. మూడు రోజులకి 2500 లీటర్ల సంపు కావాలి. వానాకాలంలో భూగర్భ నీటి మట్టం రెండు, మూడడుగులకి వచ్చేస్తుంది. అప్పుడు ఖాళీ సంపు పడవలా పైకి లేస్తుంది. ఆరడుగులు, ఐదడుగులు, ఐదడుగుల సంపుకి పై అంచు దాకా నీరు చేరితే నాలుగు టన్నుల పైచిలుకు బలంతో ఎత్తుతుంది. కింది స్లాబుని గోడల కన్నా ఒక అడుగు బయటికి పొడిగించి దాని మీద మన్ను కప్పితే ఆ మన్ను బరువే పట్టి ఉంచుతుంది. ఖాళీ చేసి కడిగే పని ఏప్రిల్, మే నెలల్లో పెట్టుకోండి.

సెప్టిక్ ట్యాంకుకీ ఇదే. ఇంకుడు గొయ్యి వానాకాలంలో ఇంకదు, నీళ్లు తిరిగి పైకొచ్చి గది లోపలికి ఎగదన్నుతాయి. మెరక దిబ్బ పోసి గొయ్యిని నేల మట్టానికి పైనే కట్టుకోవడమే మనకి దారి. బోరుకీ దానికీ 60 అడుగులు దూరం ఉండాలి. 30 అడుగుల వెడల్పు ప్లాటులో అది కుదరదు కాబట్టి, పక్కింటివాళ్ల సెప్టిక్ ఎక్కడుందో కూడా చూసి బోరు పాయింటు పెట్టాలి.

గాలివాటు
ఇంత తలనొప్పి ఎందుకండీ, రమణయ్యపేటలో ఫ్లాటు తీసుకుంటే పోలేదా? బడి, ఆసుపత్రి దగ్గర, కాపలా ఉంటుంది, ఇంట్లో పెద్దవాళ్లున్నారు. మెరక, సెప్టిక్, సంపు ఏదీ మీ నెత్తిన ఉండదు.

దస్తావేజు
నెత్తిన ఉండవని కాదు, ఇరవై మంది నెత్తిన పంచి ఉంటాయి. ఫ్లాటుకి చూడాల్సింది అవిభక్త వాటా, అంటే కింది స్థలంలో మీ భాగం. 1000 గజాల్లో 20 ఫ్లాట్లుంటే ఒక్కోరికి 50 గజాలు. దస్తావేజులో 35 అని రాస్తే మిగతాది ఎవరి పేరున ఉందో అడగండి. ఎనిమిది ఫ్లాట్లు దాటినా, స్థలం 500 చదరపు మీటర్లు దాటినా రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు ఉండాలి. అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు. అప్పగించాక ఐదేళ్ల లోపు నిర్మాణ లోపం బయటపడితే కట్టినవాళ్లే బాగుచేయాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లేని ఫ్లాటులోకి చేరిపోయాక అడిగే బలం పోతుంది. సర్టిఫికెట్ వచ్చాక కొంటే జీఎస్టీ లేదు, కట్టుబడిలో ఉంటే సాధారణంగా 5 శాతం.

మెరకపల్లం
గాలివాటు గారి మాటలో న్యాయం ఉంది, పెద్దవాళ్లున్న ఇంటికి లిఫ్టు, పక్కనే ఆసుపత్రి అంటే చిన్న సంగతి కాదు. పాత ఫ్లాటు అయితే మాత్రం పైన గది చూసే ముందు కిందకి, పార్కింగులోకి వెళ్లండి. స్తంభాల అడుగు రెండడుగులు, దూలాల కింది వైపు, సన్‌షేడ్ అంచులు చూడండి. కడ్డీ పొడవునా సన్నటి పగులు, దాని పక్కన తుప్పు చార కనిపిస్తే ఉప్పు లోపలికి చేరింది. సుత్తితో మెల్లగా తట్టితే గుల్ల చప్పుడు వస్తుంది. పైన రంగులు కొత్తగా వేసి, కింద స్తంభాలకి మాత్రం కొత్త ప్లాస్టరు కనిపిస్తే ఇంకా గట్టిగా అనుమానించాలి. తర్వాత అసోసియేషన్ ఖాతా పుస్తకం అడగండి. నిధి లేని భవనంలో లిఫ్టు చెడిపోతే నెలలు గడుస్తాయి.

వడ్డీలెక్క
డబ్బు వైపు. ఇంటి అప్పు 30 లక్షల దాకా అయితే విలువలో 90 శాతం, 30 నుంచి 75 లక్షల మధ్య 80, ఆపైన 75 శాతం. ఇవి రిజర్వు బ్యాంకు పెట్టిన గరిష్ఠాలు, బ్యాంకు ఇంకా తగ్గించొచ్చు. ఖాళీ స్థలానికి ఇంతకన్నా తక్కువే ఇస్తారు, పైగా ఫలానా గడువులో ఇల్లు కట్టాలని షరతు పెడతారు. రెండు వానాకాలాలు మెరకని వదలమన్నారు కదా, ఆ షరతుకీ దీనికీ పొసగదు. కాబట్టి ముందే మేనేజరుతో మాట్లాడి గడువు రాయించుకోండి. గ్రామకంఠం (ఊరి పాత నివాస భూమి) స్థలానికి చాలా బ్యాంకులు వెనకాడతాయి.

రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం: స్టాంపు 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1. దస్తావేజు విలువ, ప్రభుత్వ మార్కెట్ విలువ, రెండిట్లో ఏది ఎక్కువైతే దాని మీద. 40 లక్షలకి 3 లక్షలు చేతిలో ఉండాలి, ఇది అప్పులో రాదు. ధర 50 లక్షలు, ఆపైన అయితే అమ్మేవారికి ఇచ్చే దాంట్లోంచి 1 శాతం టీడీఎస్ (ముందే కోసే ఆదాయపు పన్ను) మీరే కోసి కట్టాలి. అమ్మేది ప్రవాసి అయితే ఈ 1 శాతం లెక్క వర్తించదు, చాలా ఎక్కువ కోయాలి. ఈ జిల్లాల్లో చాలా ఆస్తులు విదేశాల్లో ఉన్నవాళ్లవే కాబట్టి ముందే అడిగి ఆడిటరు దగ్గరికి వెళ్లండి. కోయకపోతే బాధ్యత కొన్నవాళ్ల మీదే పడుతుంది.

అచ్చంపేట_జంక్షన్
కాపురం సంగతి ఎవరూ రాయలేదు. పెద్ద బాధ దోమ. మురుగు కాలువ చివర ఎటు పోతుందో తెలియని లేఅవుట్లో కాలువ నిండా నిలవ నీరే. గోదావరి జిల్లాల్లో బోదకాలు పాత రోగం, మాత్రలు పంచినప్పుడు పిల్లలతో సహా మింగించండి. తలుపులకీ కిటికీలకీ జాలీ కట్టేటప్పుడే బిగించాలి. వలసపాకల వైపు అయితే ఇనప గ్రిల్లు వద్దు, రెండేళ్లలో తుప్పు. అల్యూమినియం గానీ యూపీవీసీ గానీ పెట్టండి.

తూర్పు ముఖం ప్లాటుకి ధర ఎక్కువ చెప్తారు. మధ్యాహ్నం సముద్రపు గాలి తూర్పు, ఆగ్నేయం నుంచి వస్తుంది. పడమర ముఖం ప్లాటులో కూడా వెనక అటువైపు కిటికీలు వదిలితే ఆ గాలి దొరుకుతుంది, కొంత డబ్బూ మిగులుతుంది. మళ్లీ అమ్మేటప్పుడు కొనేవాళ్లు తగ్గుతారన్నది కూడా నిజమే.

బడి బస్సు ఏ మలుపు దగ్గర ఆగుతుందో చూడండి. సర్పవరం జంక్షన్ దాటి నడిచి వెళ్లాల్సిన బడి చిన్నపిల్లలకి వద్దు, ఎంత పేరున్నదైనా. దూర ప్రయాణాలకి చాలా రైళ్లు సామర్లకోటలోనే ఎక్కాలి, ఇటువైపు నుంచి అది బాగా కలిసొస్తుంది.

రెండోపంట
చాలా ఉపయోగపడిందండి. ఇప్పుడు రెండు ప్లాట్ల దగ్గర ఆగాం. ఒకటి అచ్చంపేట దాటాక, 40 అడుగుల రోడ్డు, రోడ్డు కన్నా నాలుగడుగులు పల్లం, ఆ పక్కన బోదె గీత ఉన్నదే ఇది. రెండోది రమణయ్యపేట చివర, మెరక పోసి నాలుగేళ్లయింది, మూల ప్లాటు, కానీ ఒక పక్కన 33 కేవీ కరెంటు లైను వెళ్తోంది. ధర రెండోదానికి ఎక్కువ.

మెరకపల్లం
రెండోదే. నాలుగేళ్లు దిగిన మెరక డబ్బిచ్చినా దొరకదు. మొదటిదానికి నాలుగడుగులు పల్లం, ప్లింత్ కోసం ఇంకో మూడు, మొత్తం ఏడడుగుల లెక్క. ఆ బరువుకి నేల ఎంత దిగుతుందో ముందే చెప్పడం కష్టం. బోదె తకరారు అదనం.

33 కేవీ లైనుకి గోడ నుంచి అడ్డంగా కనీసం 2 మీటర్లు, ఇంటి పైన నుంచి నిలువుగా 3.7 మీటర్లు దూరం ఉండాలి. మధ్యాహ్నం ఎండకి తీగ వేలాడుతుంది, గాలికి ఊగుతుంది. కాబట్టి స్తంభం దగ్గర కాదు, రెండు స్తంభాల మధ్య కొలిపించండి. బాల్కనీ, సన్‌షేడ్ కూడా ఆ 2 మీటర్ల లెక్కలోకే వస్తాయి. అటు మెట్లు, స్నానాల గదులు పెట్టి పడకగదులు ఇటు తిప్పుకుంటే ఇల్లు బాగానే కుదురుతుంది. కరెంటు ఆఫీసులో అడిగి కాగితం మీద రాయించుకోండి.

దస్తావేజు
నాదీ అదే మాట. మూల ప్లాటు కాబట్టి మూలన రోడ్డు మలుపుకి వదలాల్సిన ముక్క పటంలో ఉందేమో చూసి, 200 గజాలు అది పోనా, కలుపుకునా అన్నది తేల్చండి.

బయానా ఇచ్చాక, దస్తావేజు రాయించక ముందు, పక్క ప్లాట్లవాళ్లని పిలిచి కొలవండి. నాలుగు పక్కలు కొలిస్తే చాలదు, మూలమట్టం తప్పితే కొలతలు సరిపోయినా గజాలు తగ్గుతాయి. 30 అడుగులు, 60 అడుగులు అయితే రెండు కర్ణాలూ 67 అడుగుల 1 అంగుళం రావాలి. ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ వస్తే స్థలం వాలింది. ఏ పక్క ఎంత వచ్చిందో ఆ కొలతే షెడ్యూలులో రాయించండి, లేఅవుట్ పటంలో ఉన్న అంకె చూసి ఎక్కించకండి. తర్వాత తేడా బయటపడితే సవరణ దస్తావేజుకి అమ్మినవాళ్లంతా మళ్లీ సంతకాలకి రావాలి. అందులో ఒకరు విదేశంలో ఉన్నా పని అక్కడే ఆగిపోతుంది.